ఎర్ర చుక్క జోలికి వెళ్ళను

ఆదివారం

మా పెద్దమ్మాయి ఫైనల్‌కి రిఫరీ. రాసినా తనివి తీరలేదు, మళ్ళీ రాస్తున్నాను. దేశం మొత్తం మీద జరిగే ఆడపిల్లల వాలీబాల్ పోటీలు. వచ్చే శనివారం ఫైనల్. నెట్ పక్కన ఎత్తు స్టాండు ఎక్కి ఈల ఊదేది మా పెద్దమ్మాయి. బడిలో ఆటల టీచరు. ఇన్నాళ్ళూ గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఈల చేతికొచ్చింది.

ఫోన్లో అంది: "నువ్వు చూస్తున్నావని తెలిస్తే చాలు నాన్నా, నాకు కాళ్ళు వణకవు."

చూడక ఏం చేస్తాను తల్లీ.

టీవీలో రాదట, ఇంటర్నెట్లోనే. మా ఇద్దరివీ బొత్తాల ఫోన్లు. కానీ సబ్బు పెట్టెంత కంప్యూటర్ ఉంది. కంప్యూటర్లు బాగుచేసే మా చిన్నాడు దాన్ని టీవీకి తగిలించాడు. లోపల విండోస్ కాదట, లినక్స్ అట. బక్కప్రాణి. అయినా వీడియోలు బాగానే ఆడిస్తుంది, అప్‌డేట్ చెయ్యనంత వరకు. పోయిన నెల నొక్కాను. వార్తలు చదివే అమ్మాయి తెరిచిన నోరు మూసేలోపు వాతావరణం కూడా అయిపోయింది. చిన్నాడు వచ్చి బాగుచేశాడు.

తీర్మానం: ఫైనల్ అయ్యేదాకా అప్‌డేట్ నొక్కను. చిన్నాడి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. వాడు నా చెయ్యి తీసేశాడు.

"నాకింకా పెళ్ళి కాలేదు నాన్నా. ఒట్టు వేరే ఎవరి మీదైనా వెయ్యి."

సోమవారం

తెర కింది మూల ఎర్ర చుక్క వెలిగింది. పక్కన 7. అంటే ఏడు అప్‌డేట్లు ఎదురుచూస్తున్నాయి. చూశాను. నవ్వాను. టీ తాగాను. నొక్కలేదు. ఇంత తేలికా.

పై అంతస్తు నర్సుగారినీ, ఎదురింటి దర్జీనీ, కింది ఇంటి దంపతులనీ ఆట చూడ్డానికి పిలిచాను.

"ఫోన్లో చూస్తాంలెండి" అంది నర్సుగారు.

మా అమ్మాయిని అరచేతిలో చూస్తారా, రండి, గోడంత చూపిస్తానన్నాను.

మంగళవారం

19.

నా వేలిని తప్పుపట్టకూడదు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో లిఫ్ట్ నడిపాను. ఎర్ర దీపం వెలిగిందంటే ఏదో అంతస్తులో ఎవరో నిలబడి ఉన్నట్టు. వెళ్ళాలి. ఇప్పుడు ఆ చుక్క చూస్తుంటే, పాపం, పంతొమ్మిది మంది నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నట్టే ఉంది.

మా ఆవిడతో అన్నాను. గాయానికి అంటించే పట్టీ తెచ్చి చుక్క మీద అంటించింది.

"లిఫ్ట్ బంద్. మెట్లెక్కి పొమ్మనండి."

నా ఇల్లాలు బంగారం.

బుధవారం

పట్టీ అంచు నుంచి ఎరుపు తొంగిచూస్తోంది. కాస్త ఎత్తి చూశాను. చూడటం నొక్కడం కాదు. 31.

"వివరాలు" నొక్కాను. వివరాలు అప్‌డేట్ కాదు. అక్కడ ఇలా ఉంది: భద్రతకు ముఖ్యం. భద్రత అంటే తలుపు గడియ లాంటిదే కదా. సరిగ్గా అమ్మాయి ఈల ఊదే వేళకి దొంగ ఎవడైనా కంప్యూటర్లో దూరితే? మా ఆవిడనడిగాను.

"దూరనివ్వండి. వాడూ మ్యాచ్ చూస్తాడు."

గురువారం

మధ్యాహ్నం. మా ఆవిడ కునుకు తీస్తోంది.

వివరాల్లో కూడికలూ తీసివేతలూ చేసే క్యాలిక్యులేటర్ కూడా ఉంది. దానికీ వీడియోకీ ఏం సంబంధం? ఏమీ లేదు. అదొక్కటి చేస్తే ఒక్కరికైనా నిలబడే బాధ తప్పుతుంది. అదొక్కటే.

కాసేపటికి: దానికి టిక్కు పెట్టి నొక్కాను. మిగతావాటికి టిక్కులు ముందే ఉన్నాయట. నాకేం తెలుసు.

ఇంకాసేపటికి: చుక్క పోయింది. ప్రాణం ఎంత హాయిగా ఉందో. ఏ అంతస్తులోనూ ఎవరూ లేరు.

ఆ తర్వాత: పాత మ్యాచ్ ఒకటి పెట్టి చూశాను. బంతి గాల్లోకి లేచింది. దిగలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో గెలిచారు. బంతి మాత్రం గాల్లోనే ఉంది.

పట్టీ మళ్ళీ అంటించాను. ఆవిడ లేచే వేళయింది.

శుక్రవారం

చిన్నాడికి ఫోన్ చేశాను. పని మీద పొరుగూరు వెళ్ళాడు, ఆదివారం గాని రాడు.

"నొక్కావా నాన్నా?"

"క్యాలిక్యులేటర్ ఒక్కటే నొక్కానురా."

వివరాలన్నీ నా చేత చదివించుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ పెట్టెలో వీడియోల బరువు మొయ్యడానికి విడిగా ఓ ఏర్పాటు ఉందట. కొత్త బ్రౌజర్ దానికి పని చెప్పడం మానేసిందట. బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడిందట.

"మూటలు మోసేవాడు ఖాళీగా కూర్చున్నాడు, గుమాస్తా మోస్తున్నాడు. అదీ సంగతి."

"అయితే ఆ మోసేవాణ్ణి లేపరా."

"ఫోన్లో చెప్తే లేవడు నాన్నా. బొమ్మ నాణ్యత బాగా తగ్గించి చూడు."

తగ్గించాను. మనుషులు బియ్యపుగింజలయ్యారు, కానీ కదిలారు. గోడంత చూపిస్తానని నలుగురినీ పిలిచాను. ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను?

అమ్మాయి ఫోన్ చేసింది. "అంతా సిద్ధమేనా నాన్నా?"

"కుర్చీలు కూడా వేసేశాను" అన్నాను. కుర్చీలు వేసిన మాట నిజం.

శనివారం

అందరూ వచ్చారు. బొమ్మ కదిలింది.

"అదిగో మా అమ్మాయి."

"ఏది, ఆ స్తంభమా?" అన్నాడు దర్జీ.

"స్తంభం పక్కన."

మొదటి సెట్లు ఎలాగో నడిచాయి. ఆఖరి సెట్లో గొడవ. బంతి గీత లోపల పడిందని వీళ్ళు, బయట పడిందని వాళ్ళు. మా అమ్మాయి ఈల ఊది, పాయింటు ఎవరిదో చూపిస్తూ చెయ్యి చాచింది. కోచ్‌లు అరుస్తున్నారు, జనం అరుస్తున్నారు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. నా గుండె పొంగిపోయింది.

"చూశారా? ఎంతమంది మీదికొస్తున్నా చెయ్యి దించడం లేదు. అదీ మా పిల్ల."

తిరిగి చూస్తే కుర్చీలన్నీ ఖాళీ. అందరూ వంటింట్లో నర్సుగారి ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. మా ఆవిడ కేకేసింది:

"ఏమండీ, అది చెయ్యి ఎప్పుడో దించేసింది. అరిచిన కోచ్‌కి కార్డు కూడా చూపించింది. ఇలా రండి, ఆట అయిపోతోంది."

పరిగెత్తాను. అరచేతిలో మా అమ్మాయి. కాలర్ మడత కూడా తెలుస్తోంది. ఆఖరి పాయింటు. ముందు కాళ్ళు చూశాను. వణకడం లేదు. ఈల ఊదింది.

తర్వాత బొమ్మ మసకబారింది. ఈసారి తప్పు కంప్యూటర్‌ది కాదు.

ఆదివారం

అమ్మాయి ఫోన్. "చూశావా నాన్నా?"

"చూశానమ్మా. నువ్వు చెయ్యి చాచడం మాత్రం అందరికంటే ఎక్కువసేపు చూశాను." సంగతంతా చెప్పాను. నవ్వీ నవ్వీ దానికి దగ్గొచ్చింది.

"ఇంకో మాట నాన్నా. వచ్చే నెల మగవాళ్ళ ఫైనల్‌కి కూడా నన్నే వేశారు."

మగవాళ్ళ ఫైనల్‌కి. మా పెద్దమ్మాయిని. ఇదీ రెండోసారి రాశాను, తనివి తీరలేదు.

చిన్నాడు వచ్చాడు, పాత బ్రౌజర్ తిరిగి ఎక్కించాడు. తీర్మానం: మగవాళ్ళ ఫైనల్ అయ్యేదాకా ఎర్ర చుక్క జోలికి వెళ్ళను. వివరాల జోలికీ వెళ్ళను. క్యాలిక్యులేటర్ జోలికి అసలు వెళ్ళను.

వెంటనే చెప్పవలసినవాళ్ళు:

అక్కయ్య. వినపడదు, అరిచి చెప్పాలి. వీధికి కూడా తెలుస్తుంది, మంచిదే.

మేనత్త. వాలీబాల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి.

తోడల్లుడు. వాళ్ళబ్బాయి ప్రమోషన్ సంగతి ఎత్తకముందే చెప్పెయ్యాలి.

వియ్యపురాలు, మా పెద్దాడి అత్తగారు. కోడలు ముందే చెప్పి ఉంటుంది. అయినా నా నోటితో వినాలి.

చిన్నాన్న కొడుకులు ముగ్గురూ. ఒకరికి చెప్తే చాలదు, వాళ్ళలో వాళ్ళకి మాటల్లేవు.

పెద్ద బావమరిది. "మగవాళ్ళ ఆటకి ఆడపిల్ల ఈలా?" అంటాడు. అనాలి. అందుకే ఈయన్ని ఆఖరికి పెట్టుకున్నాను, తీరిగ్గా మాట్లాడొచ్చని.