చిప్‌కి పెట్టిన బొట్టు

అక్కా,

నా కోడిగీతల రాతకీ, తప్పులకీ ఏమీ అనుకోకు. ఫోన్‌లో చెబుదామంటే అత్తయ్యగారు పక్కనే కూర్చుంటారు.

చిన్న చిప్‌లలోకి ప్రోగ్రామ్ ఎక్కించే యంత్రాన్ని మా ఆయన ఇంట్లోనే తయారు చేశారు. అది ఎక్కించదు. వైర్లన్నీ మార్చి చూసి, చివరికి, "నువ్వు మిక్సీ వేస్తుంటే కరెంట్ డిస్టర్బ్ అవుతోంది, ఆపెయ్" అన్నారు. అప్పటి నుంచీ ఈ అమెరికా సన్నీవేల్‌లో మాకు పచ్చడి లేని ఇడ్లీలే.

అసలు సంగతేమిటంటే, ఆయన స్నానానికి వెళ్లగానే అత్తయ్యగారు యంత్రానికి తడి కుంకుమ బొట్టు పెడుతున్నారు. కొడుకు చూస్తే తుడిచేస్తాడని లోపల చిప్ బిగించిన బోర్డు అడుగున, సరిగ్గా చిప్ కాళ్ల మధ్య. ఆ తడికే మొరాయిస్తోందని నా అనుమానం. చెబితే ఆయన కేకలేస్తారు, ఆవిడ చిన్నబుచ్చుకుంటారు.

మొన్న ఆవిడే, "నా చెయ్యి కలిసి రావట్లేదమ్మా, నువ్వు పెట్టు" అన్నారు. నేను అడుగున శుభ్రంగా తుడిచేసి, యంత్రం పెట్టె మూత మీద బొట్టు పెట్టాను. ప్రోగ్రామ్ ఎక్కేసింది.

ఇప్పుడు నా చెయ్యి మంచిదని అత్తయ్యగారు అపార్ట్‌మెంట్ అంతా చెప్పేశారు. వచ్చే శుక్రవారం పక్కింటి ఉజ్వల కొత్త ల్యాప్‌టాప్ తెస్తుందట. బొట్టు ఎక్కడ పెడితే పాడవదో బావగారిని అడిగి చెప్పు. ఎందుకో మాత్రం చెప్పకు. ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్.

నీ చెల్లెలు