చెల్లె నిద్రపోయాక మిగిలిన కథ

నవంబర్ 3, సోమవారం

ఇల్లు ఊడ్చి తుడవడం — అయింది. నీళ్ల డ్రమ్ములు నిండాయి. ఉతికిన బట్టలు ఆరలేదు, మబ్బు. కందులు ఎండకు పెట్టి, మళ్లీ లోపలికి తెచ్చి. ఆయనకు సద్ది కట్టి మార్కెట్ యార్డుకు పంపడం. మేఘన యూనిఫాం ఇస్త్రీ.

మిగిలిన పని: మేఘన కథ చదవడం.

కన్న కూతురు ఫోన్‌లో దయ్యం కథ రాస్తోందని పాలమ్మాయి చెబితే తెలిసింది. "మీ మేఘనక్క కథ చదివి మా చెల్లె ఒక్కతే బాత్రూంకు పోతలేదు ఆంటీ." జనగామలో సగం ఇంటర్ పిల్లలు చదువుతున్నారట. నేనే వెనక.

నవంబర్ 4

చదివాను. మొదటి భాగం, పైన ఒక వాక్యం — 'ఈ కథ నాకిచ్చిన మా రజిత చిన్నమ్మకు.'

అక్కడే ఆగిపోయాను. పప్పు అడుగంటింది.

నవంబర్ 5

నా చెల్లె రజిత ఇచ్చిందట! అది మా అమ్మ కథ. దేవరుప్పులలో మా ఇంట్లో, రాత్రి అన్నాల ముందు చెప్పేది. అక్కాచెల్లెళ్లు ఇద్దరు. తల్లి ముందు చిన్నదానికే తల దువ్వుతుంది, చిన్నదానికే మీగడ వేస్తుంది. పెద్దది ఓర్వలేక చిన్నదాన్ని బావిలోకి తోస్తుంది. గాజులమ్మే ఆమె వెంట పోయిందని ఇంట్లో చెబుతుంది. తల్లి నమ్మదు. రోజూ బావి దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలుస్తుంది. లోపలి నుంచి "ఊ" అని వినిపిస్తుంది.

మేఘన బావి తీసేసి హాస్టల్ పెట్టింది. ఆగిపోయిన లిఫ్టు, దాని కింద గుంత. తల్లి చిన్నదాని నంబరుకు రోజూ ఫోన్ చేస్తుంది. ఫోన్ ఎవరూ ఎత్తరు... అయినా అవతల "ఊ".

మెడ మీద వెంట్రుకలు లేచాయి. బాగా రాసింది. ఆ మాట దానితో అనలేదు.

నవంబర్ 7, శుక్రవారం

రజిత గురించి ఆలోచించకూడదు అనుకుంటూనే రోజంతా అదే.

మానుకోటలో ప్రైవేటు బడి టీచరు. కథ చెబితే కళ్లు ఇంత చేస్తుంది, చేతులు తిప్పుతుంది. ఎండాకాలం సెలవుల్లో మేఘన రజిత ఇంటికి పోతే రావడానికి ఏడుపు. వచ్చాక వారం దాకా "చిన్నమ్మ అట్ల అన్నది, చిన్నమ్మ ఇట్ల అన్నది."

ఇక్కడ ఎవరు అన్నం పెడుతున్నారు? ఎవరు ఫీజు తేదీలు గుర్తు పెట్టుకుంటున్నారు?

రాసి కొట్టేద్దామనుకున్నా. ఉండనీ.

నవంబర్ 9, ఆదివారం

భూపాలపల్లిలో పిల్లల కథల సభ, ఇరవై రెండున. మేఘనను చదవమన్నారు. కథ పూర్తయి ఉండాలి. వెంట ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు రావాలి.

చీర ఏది కట్టుకోవాలో కూడా ఆలోచించాను.

"చిన్నమ్మ వస్తనన్నది అమ్మా. హన్మకొండ బస్టాండ్ల కలుస్తది. నీకు ఇంట్ల పనుంటది గద."

"ఉంటది," అన్నాను. గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

నవంబర్ 11

మేఘన తిండి సరిగా తినడం లేదు. ఆఖరి భాగం రావడం లేదు. రాయడం, కొట్టేయడం.

మధ్యాహ్నం రజిత ఫోన్.

"అక్కా, నీ బిడ్డ నన్ను పరేషాన్ చేస్తున్నదే. ఆఖరుకు ఏమైతది అని ఒకటే అడుగుడు. బాయిల నుంచి ఊ అన్నకాడికే నాకు యాదున్నది. ఆ తర్వాత ఎన్నడు మేల్కొని ఉన్నా? నీకు యాదున్నదా?"

"లేదు."

"జర యాది చేసుకోవే."

"నాకేడ యాదుంటది! నేను పొయ్యికాడ రొట్టెలు చేసుకుంట ఉండేదాన్ని."

యాదుంది. ప్రతి మాటా.

నవంబర్ 12

నన్ను అడగాల్సింది రజిత కాదు.

నవంబర్ 13, గురువారం

రజిత ఒక ముగింపు చెప్పిందట — పోలీసులు వచ్చి పెద్దదాన్ని పట్టుకుపోతారు. మేఘన ఫోన్‌లో అరుస్తోంది. "దయ్యం కథల పోలీసులేంది చిన్నమ్మా! ఎవలన్న భయపడతరా?"

లోలోపల సంతోషం. మజ్జిగ చిలుకుతూ నవ్వుకున్నా. వెంటనే పిల్ల ముఖం చూశాను. కళ్ల కింద నలుపు. సభకు రానని చెప్పేస్తుందట. "సగం కథ పట్టుకొని పోయి నవ్వులపాలు కావాల్నా?"

అడగవే. ఒక్కసారి నన్నడుగు.

ఎందుకు అడుగుతుంది? మొన్న, దయ్యాల కథలు రాస్తే మార్కులు వస్తాయా అన్నది నేనే.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున జొన్నరొట్టెలు. పిండిలో వేడినీళ్లు పోసి పిసుకుతుంటే మేఘన వంటింట్లోకి వచ్చి గడప మీద కూర్చుంది.

"అమ్మా, ఒకటి చెప్పు. కథకు ఊ కొట్టకుంటే అమ్మమ్మ ఆపేసేదట గదా?"

"ఆపేసేది. ఊ ఆగినంక కథ చెప్తే, ఆ కథ ఇల్లు వట్టుకొని తిరుగుతదనేది."

"మరి చిన్నమ్మ సగంల నిద్రవోయేది. నిద్రల గూడ అమ్మమ్మ గొంతు వినవడేదట. అంటే అమ్మమ్మ ఆపలే." దాని గొంతు తగ్గింది. "మరి ఊ ఎవలు కొట్టిండ్రమ్మా?"

కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. నిజంగా దయ్యమే అనుకుంటోంది, పిచ్చిది. కథలో పెట్టుకోవడానికి వచ్చింది.

"నేను."

"ఏంది?"

"నేనే కొట్టిన. రొట్టె చరుసుకుంట. ఆఖరిదాక."

అది లేచి నిలబడింది. "అయితే నీకు తెల్సా! చెప్పు!"

"పగటిపూట కథ చెప్తే మేనమామ తొవ్వ తప్పుతడు."

"నాకు మేనమామే లేడు గదనే! తొవ్వ తప్పెటందుకు ముందు మనిషి ఉండాలె గద. చెప్పమ్మా, నీ కాల్మొక్త."

చెప్పాను. చేతులకు పిండి అలాగే. బావి నుంచి వచ్చే ఊ వినలేక, తల్లి ఊళ్లో లేని రోజు, పెద్దది రాళ్లు మోసుకొచ్చి బావిలో వేస్తుంది. ఒక్కో రాయికి కింద నుంచి "ఊ". బావి పూడిపోతుంది. ఊ ఆగిపోతుంది. ఆ రాత్రి తల్లి వచ్చి మంచం మీద పడుకుంటే, పెద్దది పక్కన చేరి కథ చెప్పమంటుంది. ఇక తానొక్కతే కదా. తల్లి మొదలు పెడుతుంది. పెద్దది ఊ కొట్టబోతుంది... అంతలోనే మంచం కింద నుంచి "ఊ". పెద్దదానికి నోరు పెగలదు. తల్లి ఆగదు. కథ చెబుతూనే ఉంటుంది. కింద ఉన్నదానికి.

మేఘన ఆఖరిదాకా ఊ కొట్టింది. ఆఖర్లో మాత్రం తలూపింది.

పెనం మీది రొట్టె మాడింది. ఇద్దరం చూడలేదు.

కొంచెం ఆగి అడిగింది — "అమ్మా, గీ కథ అమ్మమ్మ నీకు చెప్పినట్టా, చిన్నమ్మకు చెప్పినట్టా?"

"ఏమో. తినుపో."

నవంబర్ 17

తెలియదు. నిజంగా తెలియదు. నిద్రపోయిన రజితను ఒళ్లోంచి దించేది కాదు అమ్మ. చేయి దాని తల మీదే. ముఖం ఎటువైపు ఉండేదో పొయ్యి దగ్గర నుంచి నాకు కనబడేది కాదు.

నవంబర్ 19, బుధవారం

ఆఖరి భాగం పెట్టింది. మంచం కాదు — హాస్టల్‌లో పైన ఒక పడక, కింద ఒక పడక. తల్లి ఫోన్ స్పీకర్‌లో కథ చెబుతోంది. ఊ అనేది కింది పడక నుంచి. ఖాళీ పడక.

నా ముగింపే. ఇంకా భయంగా ఉంది.

కథలో పెద్దది రొట్టె చరిచినట్టు గోడ మీద అరచేత్తో చరుస్తుంది, భయం వేసినప్పుడల్లా. అది నేను చెప్పిన కథలో లేదు. పిల్ల చూసి పెట్టుకుంది.

మొదటి భాగం పైన వాక్యం అలాగే ఉంది. చిన్నమ్మకు.

నవంబర్ 20

భూపాలపల్లికి నన్ను రమ్మంటుందేమో అని పొద్దంతా చూశాను. సాయంత్రం — "చిన్నమ్మకు మాటిచ్చిన అమ్మా, బాధవడకు." బాధ ఏముంది. పులిహోర కలిపిస్తా అన్నాను. ఇద్దరికీ.

నవంబర్ 22, శనివారం

పొద్దున్నే బస్సెక్కించి వచ్చాను. పులిహోర, నీళ్లు, జ్వరం మాత్ర ఒకటి. ఇల్లు ఖాళీ. పనులన్నీ తొందరగా అయిపోయాయి.

మధ్యాహ్నం రజిత ఫోన్. వెనక పిల్లల గోల.

"చదివిందే నీ బిడ్డ. చప్పుడు లేదు హాల్ల. కథ సురువు చేసేముందు అందరిని ఊ కొట్టుమన్నది. సార్లు, మేడంలు గూడ కొట్టిండ్రు."

"మంచిగైంది."

"నేను కొట్టలే."

"ఎందుకు?"

"ఆఖరుకొచ్చినంక నోరు రాలె. అది అవ్వ చెప్పిన కథే అని నాకు తెల్సిపోయింది. ఆ గొంతే, ఆ మాటలే. ఎవలు చెప్పిండ్రే అని మేఘనను అడిగితే, 'అమ్మ' అన్నది." అమ్మను అది ఇప్పటికీ అవ్వ అనే అంటుంది. "నేను ఫోన్ చేసి అడిగితే యాది లేదంటివి. నాకెందుకు చెప్పలేదే అక్కా? అవ్వ పోయినంక మనిద్దరికి మిగిలింది గా కథ ఒక్కటే."

తర్వాత ఫోన్ చేస్తా అన్నాను. పెట్టేశాను.

నవంబర్ 23, ఆదివారం

మేఘన బహుమతి తెచ్చింది — ఒక జ్ఞాపిక, ఒక శాలువా. శాలువా నా మీద కప్పింది. "చిన్నమ్మ తొవ్వంత మాట్లాడలే. ఏమన్న కొట్లాడుకున్నరా?"

"లేదు."

రజిత చిన్నబుచ్చుకుంది... నేను చూస్తే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఆ కోరిక మీద అసహ్యం. రెండూ నిజమే.

నవంబర్ 24, సోమవారం

బట్టలు ఆరాయి. కందులు మరకు పంపాను.

పదకొండు గంటలకు రజితకు బడి విరామం. ఫోన్ చేశాను. "యాదున్నదే రజితా. ఆనాడే యాదున్నది. నీకు చెప్పబుద్ధి కాలె. మేఘన నీ పేరు రాసింది గదా, అందుకు."

విరామం అయిపోయిందని బడి గంట కొట్టింది. రజిత ఫోన్ పెట్టలేదు.

"చెప్పాల్నా, మొదటి నుంచి?" అన్నాను.

"చెప్పు."

పట్టపగలు, మొదటి నుంచి చెప్పాను. మంచం దాకా, మంచం కింద దాకా. రజిత వింది. ఏడ్చిందో లేదో ఫోన్‌లో తెలియదు. అయిపోయాక అడిగింది — "నేను నిద్రవోయినంక అవ్వ నీతోని ఇంకేం మాట్లాడేది?"

"ఏం మాట్లాడేది కాదు," అన్నాను. అది నిజమే. రజిత నమ్మలేదు.

రజితకు బాకీ పడ్డ ముగింపు — ఇచ్చాను. చెల్లు.