జోగులమ్మ పెట్టిన బొట్టు

అక్టోబర్ 1, బుధవారం

ల్యాబ్‌లో ఆయుధ పూజ. ఊడ్చి తుడిచే జోగులమ్మ మైక్రోస్కోప్‌కు, ఫ్రిజ్‌కు బొట్లు పెట్టి నా కంప్యూటర్ దగ్గరికొచ్చింది. తుడవడానికి పొడిగుడ్డ అడిగితే నేనే ఇచ్చాను. ఆపేసి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూలు వేసింది. ఇన్వర్టర్ వచ్చాక దాన్ని ఎవరూ ఆపిందే లేదు.

రేపు దసరా. సెలవు.

అక్టోబర్ 3, ఉదయం 7:40

డేటాబేస్ లేవడం లేదు! రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. దాన్ని నడిపే సర్వీస్ స్టార్ట్ నొక్కితే లాగాన్ ఫెయిల్యూర్ అంటోంది. పదకొండు వేల మంది రిపోర్టులు అందులోనే ఉన్నాయి. కొల్లాపూర్ నుంచి వచ్చిన ముసలాయన, పోయిన నెల నా షుగర్ ఎంతుండె బిడ్డా అంటే, కూర్చోమని కుర్చీ చూపించాను.

10:15

ఎవరు ముట్టిన్రు అని ల్యాబ్ నడిపే సార్ అడిగారు. జోగులమ్మ ఆపిందన్నాను. తడిగుడ్డతో తుడిచిందని కూడా అన్నాను.

అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. తొమ్మిదేళ్ల పని. ఆమె ఏడవలేదు. ఏడాదికోసారి దాన్ని గూడ మొక్కొద్దా సారూ అని మాత్రం అడిగింది. తన ఊరు కొత్తకోట బస్సెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం 2

నాకు ముందు సిస్టమ్ చూసిన యోసేపన్నకు ఫోన్ చేశాను. ఆగస్టులో మానేసి హైదరాబాద్ వెళ్లాడు. అంతా విని, నా పేరు మీదున్న యూజర్ పాస్‌వర్డ్ ఏమన్న మార్చినవా శిల్పా అన్నాడు.

మార్చాను. ఆయన వెళ్లిన మర్నాడే మార్చాను. సార్ శభాష్ అన్నారు కూడా.

గట్లయితే గదే కథ అన్నాడు. సర్వీస్ ఆయన యూజర్ మీదే నడుస్తోందట. నడుస్తున్నంతసేపూ ఏమీ అనదట. ఒక్కసారి ఆగితే, మళ్లీ లేవడానికి పాస్‌వర్డ్ కావాలట. పాతది చెల్లదు. జోగులమ్మ ఆపకున్నా ఎన్నడో ఒకనాడు గిట్లనే అయితుండె అన్నాడు.

కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. రెండు నిమిషాల్లో నడిచింది. తప్పు నాది. మొత్తం నాది.

అక్టోబర్ 4

సార్‌కు చెప్పాను. కళ్లద్దాలు తీసి, ఇంకెవరికన్న చెప్పినవా అన్నారు. నడుస్తుంది గద, ఇడిసిపెట్టు అన్నారు. ఆమె రాకపోతే నేనూ రాను సార్ అనేశాను. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, సరే పిలువు అన్నారు.

సాయంత్రం కొత్తకోట వెళ్లాను. వాకిట్లో నిలబడే అంతా చెప్పేశాను. అంతా విని జోగులమ్మ అడిగింది: పొడిగుడ్డ నువ్వే ఇస్తివి గద బిడ్డా, మరి తడిగుడ్డ అని ఎందుకన్నవ్?

తెల్వదు అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

అక్టోబర్ 6

జోగులమ్మ పనికి వచ్చింది. అన్ని టేబుళ్లూ తుడిచింది. నాది తప్ప.