చెరువు చేప

మే నెల, ఆదివారం రాత్రి

ఆయనా పాపా పడుకున్నారు. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా నా చేతికి నీసు వాసన పోవట్లేదు.

సెలవులు కదా, పాప గోల పడలేక భీమిలి తీసుకెళ్లాం. ఒడ్డునే తాటాకు పాక హోటల్. హోటలావిడ ఐసు ట్రే తెచ్చి చూపించింది. వంజరం, చందువా, రొయ్యలు. "ఏటి వేయించమంటారమ్మా?" అంది. నా నోట్లోంచి ఎలా వచ్చిందో, "చెరువు చేప లేదా?" అనేశాను.

పక్క బల్ల వాళ్లు పక్కున నవ్వారు. సముద్రం ఎదురుగా కూర్చుని ఎవరైనా అలా అడుగుతారా! ఆయన తల దించేసుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా మీదికి వంగి మెల్లగా అడిగింది.

"మీ మనిసి దొరకనేదా అమ్మా?"

తమ్ముడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటు దొరికింది, వాడు దొరకలేదు. అప్పట్నుంచీ అమ్మ సముద్రం చేపని ఇంట్లోకి రానివ్వదు. "ఏ సేప కడుపులో ఏటుందో" అంటుంది. జాలరిపేటలో పుట్టినదాన్ని, నేనూ ముట్టుకోవడం మానేశాను.

పాపకి ఇవేం తెలీవు. వంజరం ముక్క విరిచి, ఉఫ్ఫని ఊది, "ముల్లు లేదమ్మా, తిను" అని నోటి దగ్గర పెట్టింది. తమ్ముడూ చిన్నప్పుడు అచ్చం అలాగే పెట్టేవాడు. నోరు తెరిచాను.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ చేసింది. "ఏటి తిన్నారే?" అంది. పప్పన్నం అన్నాను.

ఏమని చెప్పను? చాలా రుచిగా ఉంది. రెండో ముక్క నేనే అడిగి పెట్టించుకున్నాను.