ఒక్క కిటికీకి ఏడు చోట్ల టిక్కెట్టు

హాల్‌బెకె నగర సందర్శన టిక్కెట్ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేతగాళ్ళ సంఘ భవనంలోని రంగుటద్దాల కిటికీని, మా అమ్మ గొడెలీవ్‌కు చూపు పూర్తిగా పోకముందే ఒక్కసారి చూపించుట గురించి.

కాలువ అవతలి గట్టున, మిల్లు కార్మికుల ఇళ్ళలో నివసించు వానెస్ డెస్మెట్ వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. సదరు కిటికీ అద్దాలను కోసి, సీసంతో అతికినవాడు మా తాత. కింది వరుసలో, మగ్గం పక్కన దారపు కండె పట్టుకొని నిలబడిన పిల్ల ముఖం ఆరేళ్ళ వయసులో మా అమ్మది. అప్పట్లో ఆ భవనం పోస్టాఫీసు. స్టాంపు కొనడానికి వెళ్ళినవాళ్ళంతా ఊరికే చూసేవారు. ఇప్పుడు అమ్మకు కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను చలికాలం దాటదని డాక్టరు తేల్చేశాడు. పోయేలోగా ఆ ముఖాన్ని ఒక్కసారి చూసుకుంటానంటుంది.

2. సదరు భవనానికి విడి టిక్కెట్టు లేదు. ఏడు చోట్లకూ కలిపి, ఒక్క రోజు మాత్రమే చెల్లే కార్డు కొనవలెను. ఆదివారం పొద్దున నగరవాసులకు ఉచితమే గాని, కాలువ దాటితే నగరం కాదట! ఈ నగరం ఒంటి మీది బట్ట నేసింది ఏ గట్టువాళ్ళు? నేతగాళ్ళ భవనంలోకి నేతగాళ్ళ బిడ్డలే పైకం కట్టి పోవడాన్ని దోపిడీ అంటారని నేను చదివిన కరపత్రాలన్నీ ఘోషిస్తున్నవి. ఆవేశమునకు మన్నించవలెను. మన్నించకపోయినా సరే.

3. అయినా కొన్నాం. "ఒక్క కిటికీకి అంత డబ్బా? కొన్నాక ఏడూ చూడాల్సిందే. ఒక్కటి వదిలినా పారేసుకున్నట్టే," అంది అమ్మ. మా గట్టున కంచంలోని రుచైన ముక్కను ఆఖరికి ఉంచుకుంటారు. కిటికీనీ అలాగే ఉంచింది. లేసుల మ్యూజియం, పాత జైలు, గంటల గోపురం, అన్నిచోట్లా కార్డు చూపించి, కంటికి సరిగా ఆనని వాటిని కూడా ముక్కు ఆనించి మరీ చూసింది.

"అమ్మా, ముందు కిటికీ దగ్గరికి పోదామే!" అని మొత్తుకున్నాను.

"ఆగరా తొందరోడా. విప్లవం రేపు తెద్దువుగానీ, ఇవాళ కార్డు గిట్టుబాటు కానీ."

4. మేం చేరేసరికి నేతగాళ్ళ భవనం తలుపు తీసే ఉంది గాని, కాపలా ఆయన అడ్డం వచ్చాడు.

"మూయడానికి ఇంకా టైముంది కదయ్యా?" అంది అమ్మ.

"మూసే టైము వేరు పెద్దమ్మా, లోపలికి వదిలే టైము వేరు. రేపు రండి."

"రేపు ఈ కార్డు చెల్లుతుందా?"

"చెల్లదు."

"మరి నా కన్ను?"

ఆయన కార్డు తిరిగి అమ్మ చేతిలో పెట్టాడు. ఆయనపై నాకు ఫిర్యాదు లేదు; ఆయనా జీతగాడే. అప్పుడు మాత్రం నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ నా చొక్కా పట్టి లాగింది. "రారా, పరువు తీయకు. ఆయనకీ ఇంటికెళ్ళే వేళయింది." ట్రాములో సంచిలోంచి మిగిలిన రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. తను ముట్టలేదు.

5. తమ ఆఫీసులో అడిగితే మళ్ళీ కార్డు కొనమన్నారు. మా దగ్గర అంత డబ్బు లేదు. రాయితీ ఏమైనా ఉందా అంటే, చూపు పూర్తిగా లేనివారికీ, వారి వెంట వచ్చే ఒకరికీ అన్నిచోట్లా ఉచితమన్నారు. కొంచెం మిగిలి ఉంటే మాత్రం లేదట. అయ్యా, ఈ నిబంధన రాసినవారు దాన్ని ఒక్కసారైనా పైకి చదువుకున్నారా?

కావున, ఏ పూటైనా సరే, పగటి వెలుతురుండగా ఆమెను ఆ కిటికీ ముందు కాసేపు నిలబడనివ్వవలసినదిగా ప్రార్థన. నేను బయటే ఉంటాను. కన్ను తమ ఫైలు కోసం ఆగదు గనుక, ఆలస్యం చేయక చిత్తగించవలెను.

ఈ ఒక్క కోరిక మేరకు తమ విధేయుడు,
వానెస్ డెస్మెట్

తా.క.: కవరు అతికించబోతుంటే అమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది. "ఏరా, లైటేసుకోకుండా చీకట్లో ఏం రాస్తున్నావు?" అంది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. బల్ల నిండా ఎండ.

పై అర్జీ రద్దు చేయండి. మేమిద్దరం వస్తాం. మాకిప్పుడు అన్నిచోట్లా ఉచితమే. ఆ పిల్ల ముఖం ఎక్కడుందో అమ్మ చేతికి తెలుసు. ముట్టరాదని బోర్డు ఉంటే ఉండనివ్వండి. ఆమెకు కనపడదు.