అచ్చుకి పోని సామెత

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు పంపిన నాన్న సామెతలు నలభైరెండూ అందాయి. బళ్లో పిల్లలకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వారు. వచ్చేవారం పుస్తకం అచ్చుకిస్తాను. కానీ భయపడేవాళ్లని వెక్కిరిస్తూ నాన్న రోజుకి పదిసార్లు అనే సామెత లేదేం? నీకు ఈత నేర్పేటప్పుడూ అదే అన్నారు. మర్చిపోయావా?

ప్రేమతో, అక్క

ప్రియమైన అక్కయ్యా,

మర్చిపోలేదు. అది వెయ్యొద్దు. కారణం అడక్కు. లిఫ్టుల రిపేరు పని మానేసి తాళాల కొట్లో కూర్చుంటున్నాను. అందరం బాగున్నాం.

నీ తమ్ముడు

తమ్ముడూ,

పదిహేనేళ్ల పని ఊరికే మానేస్తారా ఎవరైనా? గదిలో ఒక్కడివే కూర్చుని నాన్నతో వాదిస్తున్నావని మరదలు ఫోన్‌లో ఏడ్చింది. నాన్న పోయి మూడేళ్లు. ఏం జరిగిందో రాయి. లేదంటే బండెక్కి వచ్చేస్తాను.

అక్క

ప్రియమైన అక్కయ్యా,

నాతో పనిచేసిన బక్కోడు నీకు తెలుసు కదా. ఆర్నెల్ల కిందట ఒక ఆఫీసులో లిఫ్టు ఆగిపోతే ఇద్దరం వెళ్లాం. "అన్నా, తాడు మోత తేడాగా ఉంది. కొత్తది వచ్చాక చూద్దాం" అన్నాడు. నేను నవ్వి ఆ సామెత అన్నాను, అచ్చం నాన్నలా వేలు ఆడిస్తూ. వాడూ నవ్వి లిఫ్టు పైకెక్కాడు. తాడు తెగింది. వాడు దక్కలేదు.

ప్రమాదమని అందరికీ చెప్పాను. నేనన్న మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎక్కడ ఏది కిర్రుమన్నా నాన్న గొంతు ఆ సామెత అంటోంది. వద్దు నాన్నా అంటే వినడు.

నీ తమ్ముడు

బంగారు తమ్ముడూ,

బక్కోడి భార్య దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. తిడితే పడు. ఇంతకంటే నాకేం తోచడం లేదు.

అక్క

ప్రియమైన అక్కయ్యా,

వెళ్లాను. ఆమె మందుల సీసాలకి చీటీలు అంటిస్తోంది. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆ పొద్దున, మనసు బాగోలేదు, పనికి వెళ్లను అన్నాడు. నేనూ అదే సామెత చెప్పి, టిఫిను డబ్బా చేతికిచ్చి పంపాను. మళ్లీ మీ నోటా విన్నాడన్నమాట" అంది.

ఆర్నెల్లుగా ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదట. "మీరైనా నన్ను తిట్టండి" అంది.

నేను తిట్టించుకుందామని వెళ్లాను అక్కా. తిట్టేవాళ్లు లేక అలాగే ఎదురెదురుగా కూర్చుండిపోయాం.

నీ తమ్ముడు