గోడ మీది యెహోషువ

వాకాడు,
2 ఫిబ్రవరి 1964.

ప్రియమైన హజరత్తయ్య అన్నకు, తమ్ముడు యెహోషువ వందనాలు.

అన్నా, నీ తమ్ముడు చచ్చిపోయాడు. ఈ మాట నేను అనడం లేదు, మన క్లబ్బువాళ్ళే తేల్చేశారు. కంగారుపడకుండా చదువు, నవ్వొస్తుంది.

మన యూనియన్ ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి పాతికేళ్ళయిందని ఈ నెలాఖరున పండగ చేస్తున్నారు గదా, నీకూ మద్రాసుకు పిలుపు వచ్చే ఉంటుంది. క్లబ్బు గదికి సున్నం కొట్టించి, పేరుపడ్డ పాత ఆటగాళ్ళ ఫోటోలూ మేనేజర్ల ఫోటోలూ పెద్దవి చేయించి గోడకు తగిలించారు. నిన్న బడి వదిలాక నేనూ చూద్దామని పోయాను. మొదట, క్లబ్బు పెట్టిన క్రీస్తురాజు మేష్టారు. పక్కన చెంచురామయ్య గారు, మేష్టారు పోయాక మేనేజరై మనల్ని షీల్డు దాకా తీసుకుపోయిన మనిషి గదా, ఫోటోలో కూడా తలపాగా తీయలేదు. ఆ పక్కన నువ్వు, గోలు ముందు చేతులు చాపుకొని, అప్పుడే మొలిచిన మీసంతో. నీ పక్కన నేను. నా ఫోటోకు గంధపు దండ! నుదుట ఇంత కుంకుమబొట్టు! కింద పెద్ద అక్షరాలతో "లేటు యెహోషువ, లెఫ్ట్ అవుట్" అని రాసి ఉంది.

ఎట్లా జరిగిందో నీకు అర్థమయ్యే ఉంటుంది. పేర్లు రాసిన పెయింటరు గూడూరువాడు, ఇక్కడి సంగతులు తెలియవు. లేటు యెహోషువ అని రాయమని ఎవరో చెప్పి ఉంటారు. ఊళ్ళో నన్ను ఇంకో పేరుతో పిలిచినవాడెవడు గనక? ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడివి నువ్వే. కాలవ అవతలి పల్లె నుంచి పడవ దొరికితే తప్ప రాలేనివాణ్ణి, ఆట మొదలయ్యాక పంచె ఎగ్గట్టుకొని పరిగెత్తుకొస్తుంటే, "వచ్చినాడ్రా మన లేటు!" అని గోలు దగ్గర్నించి కేకేసేవాడివి. పాపం పెయింటరు లేటు అంటే పోయినవాడనుకున్నాడు. పోయినవాడికి దండా బొట్టూ ఉండాలి గదా, అవీ పెట్టేశారు.

ఇంటికొచ్చి చెబితే కరుణాకుమారి నవ్వలేదు. "ముందు ఆ బొట్టు తుడిపించండి. చర్చిలో సంఘం పెద్దలు చూసినారంటే మీకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె కూడా ఇవ్వరు" అంది. మీ మరదలి బాధ అది.

నా బాధ వేరే ఉంది. నీ దగ్గర దాపరికమెందుకు, నాకు ఆ స్టేజీ మీద కూర్చోవాలని ఉంది అన్నా. నెల్లూరులో షీల్డు తెచ్చిన గోలు నాది. ఆడినన్నాళ్ళూ నాకు కుర్చీ వేసినవాడు లేడు. ఆట మధ్యలో మీకందరికీ నిమ్మచెక్కలు పళ్ళెంలో తిప్పేవాళ్ళు, నాకు దూరం నుంచి విసిరేవాళ్ళు. "ఎట్లేసినా పట్టేస్తాడ్రా వీడు!" అని నవ్వేవాళ్ళు. సిగ్గులేకుండా నేనూ నవ్వేవాణ్ణి. నువ్వొక్కడివే నీ చెక్క కొరికి సగం నా నోట్లో పెట్టేవాడివి. ఆ వయసులో అది చాలనిపించింది. ఇప్పుడు చాలదు. పాతవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెడతారట. నన్నూ పిలవాలి, మా ఆనందకుమారి చూడాలి. వాళ్ళ నాన్న బడిలో ఎక్కాలు చెప్పడం తప్ప ఇంకేదీ చేయలేదని అనుకుంటోంది ఆ పిల్ల.

రేపోమాపో చెంచురామయ్య గారి ఇంటికి పోయి నేను బతికే ఉన్నానని చెప్పి వస్తాను. వదినకు నా వందనాలు చెప్పు.

నీ ప్రియమైన తమ్ముడు,
లేటు.


వాకాడు,
16 ఫిబ్రవరి 1964.

ప్రాణసమానుడైన అన్నకు,

నవ్వొస్తుందని రాశాను గదా పోయిన ఉత్తరంలో. నా నోట్లో మన్నుపడ.

చెంచురామయ్య గారి ఇంటికి పోయాను. ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు, నేను ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడ్డాను. నన్ను చూసి ఉలిక్కిపడతారనుకున్నాను. "ఏందిరా లేటూ, బాగుండావా? బిడ్డ చదువుతా ఉందా?" అని ప్రేమగా అడిగారు. బాగానే ఉన్నానండీ, క్లబ్బు గోడ మీదే చచ్చిపోయి ఉన్నాను, పెయింటరు పొరపాటుపడ్డాడు అని చెప్పాను. ఆయన కాళ్ళు ఊపుకుంటూనే, "వాడు పొరపాటుగానే రాసినాడులే. మొన్న నేనూ చూసినా" అన్నారు.

"చూసి తుడిపించలేదా అండీ?" అన్నాను.

ఆ మాటకు ఆయనకు కోపం రాలేదన్నా. కోపమొచ్చినా బాగుండేది. లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు చెప్పారు. "అది కాదబ్బయ్యా. నువ్వు బతికుండావంటే నిన్ను పిలవాల. పిలిస్తే స్టేజీ మీద అందరితోపాటు కుర్చీ వెయ్యాల. సరే, అదన్నా ఎట్టనో చేస్తాం. ఆనక భోజనాలు మా ఇంట్లో గదా! పంక్తిలో నిన్ను యాడ కూచోబెట్టేది? మా అమ్మ వెంకటశేషమ్మ ఉండంగా అయ్యే పనేనా? నిన్నొక్కణ్ణి బయట కూచోబెడితే నీకూ చిన్నతనం, నాకూ చిన్నతనం. నీ మీద ప్రేమ లేకనా, గోడ మీద నీకు ముందు వరసలో చోటిచ్చినా. క్రీస్తురాజు మేష్టారూ మీవోడే, ఆయన ఫోటోకు రోజూ దండం పెడతా ఉండా గదా!"

అవునన్నా, పెడతారు. మేష్టారు నిజంగానే పోయారు గనక ఆయనతో ఎవరికీ ఇబ్బంది లేదు. చచ్చినవాడు గోడ మీద మేకు అడుగుతాడు, బతికున్నవాడు పంక్తిలో విస్తరి అడుగుతాడు. ఆ సంగతి నాకు మెట్ల కిందే తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన్ని దేవుడనుకున్నాను. షీల్డు గెలిచిన రోజు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు, గుర్తుందా? ఆ సాయంత్రమే ఇంటికి పోయి తలస్నానం చేశారని ఎవరో అంటే వాణ్ణి కొట్టబోయాను. వాడికి ఇప్పుడు క్షమాపణ చెప్పాలి.

"మీరు తుడిపించకపోతే సభలో నేనే లేచి చెబుతానండీ" అన్నాను. "నీ ఇష్టం. నేను బతికుండా అని నీ నోటితో నువ్వే అరుచుకుంటావా? జనం నవ్వరా?" అన్నారు. ఆ మాట నిజమేనన్నా. ఎంత తిట్టుకున్నా నిజమే.

పోయిన ఆటగాళ్ళ కోసం రెండు నిమిషాలు లేచి నిలబడి మౌనం పాటిస్తారట. పేర్లు చదివేది సెక్రటరీ. నువ్వు స్టేజీ మీదే ఉంటావు. నా పేరు చదవగానే, "వాడు బతికే ఉండాడు, అదుగో కూచోనుండాడు, రారా పైకి!" అని ఒక్క కేక వెయ్యి. నీకు కేకలెయ్యడం కొత్తా? నువ్వంటే ఎవరూ నవ్వరు, ఎవరూ కాదనలేరు. నీ పక్కన కుర్చీ లేకపోయినా ఫరవాలేదు, నిలబడతాను. భోజనానికి రానని నేనే చెప్పేస్తాను. నన్ను బతికించు అన్నా, అంతే.

నీ మీదే ఆశ పెట్టుకున్న తమ్ముడు,
యెహోషువ.


వాకాడు,
29 ఫిబ్రవరి 1964, సాయంత్రం.

మహారాజశ్రీ హజరత్తయ్య గారికి,

తమరు రేపు పొద్దున బస్సుకు మద్రాసు వెళ్ళిపోతారని విని ఈ ఉత్తరం మనిషి చేతికిచ్చి పంపుతున్నాను.

"వస్తున్నాలేరా, నేను చూసుకుంటా" అని మీరు రాసిన కార్డు నాకు అందింది. గోలు ముందు నిలబడి మీరు ఎప్పుడూ అనే మాటే గదా అది. ఆ మాట నమ్మి, ఆనందకుమారికి కొత్త గౌను తొడిగి, తల్లీబిడ్డల్ని ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టి, నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను, పైకి పిలిస్తే బాగుండాలని.

సెక్రటరీ నా పేరు చదివాడు. మీరు లేచారు. కేక వెయ్యడానికే లేచారనుకున్నాను, దేవుడి తోడు. నా కాళ్ళు కూడా లేవబోయాయి. మీరు చేతులు కట్టుకొని తల దించుకున్నారు. నన్ను రోజూ చూసే ఊరివాళ్ళతో సహా అందరూ లేచారు. నేనొక్కణ్ణే లేవలేదు. పక్కనున్నాయన ఎవరో పొరుగూరివాడు, "ఏమయ్యా, చచ్చిపోయినాయనకు ఆ మాత్రం మర్యాద ఇయ్యలేవా? లెయ్యి!" అని నా భుజం పట్టి గుంజాడు. లేవలేదు. జనమంతా నిలబడి ఉంటే స్టేజీ మీది నుంచి కూర్చున్నవాడు ఒక్కడే కనిపిస్తాడు గదా, మీకూ కనిపించాను. మన చూపులు కలిశాయి. లేదని మాత్రం అనకండి. చూసి, మెల్లగా గోడ మీది ఫోటో వైపు తిరిగారు.

అంతటితో ఆగినా సరిపోయేది. తర్వాత మైకు ముందుకొచ్చి నా గురించి ఎంత బాగా మాట్లాడారు! ఎడమ కాలితో అట్లా కొట్టేవాడు ఈ జిల్లాలో మళ్ళీ పుట్టడన్నారు, సొంత తమ్ముడి కంటే ఎక్కువన్నారు. తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. బతికుండగా నా గురించి ఎవరూ అంత మంచిగా చెప్పలేదు. చెంచురామయ్య గారిని నేను తప్పుపట్టడం లేదు, ఆయన మొదటే ముఖం మీద చెప్పేశారు. మీరు చూసుకుంటానన్నారు. ఆనందకుమారి పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చి "నాన్నా, ఆ మామ నీకోసం ఎందుకు ఏడుస్తా ఉండాడు?" అని అడిగింది. దానికి జవాబు మీకు తోస్తే రాయకండి, మీ దగ్గరే ఉంచుకోండి.

తిన్నగా ఇంటికి పోబుద్ధి కాక ముగ్గురం కాలవగట్టున చాలాసేపు కూర్చుండిపోయాం. ఇంటికొచ్చేసరికి అరుగు మీద క్యారియరు ఉంది. మీరే స్వయంగా పడవలో కాలవ దాటి వచ్చి పెట్టి వెళ్ళారని పక్కింటి మగ్దలీనమ్మ చెప్పింది. "చెంచురామయ్య గారింటి విందు, యెహోషువకు ఇష్టమని పులిహోర దండిగా పెట్టించినా, తినమని చెప్పు" అన్నారట. ఆకలి మీద ఉన్నాను, అబద్ధమెందుకు. పులిహోర వాసనకు ఆనందకుమారి మూత మీద చెయ్యి వేసింది.

కరుణాకుమారి ఆ చెయ్యి తీసేసింది. మిమ్మల్ని తిడుతుందేమో అనుకున్నాను, గొంతు కూడా పెంచలేదు. "తీసకపోయి ఇచ్చేసి రండి. చచ్చినోళ్ళకు అన్నం పెట్టే ఆచారం మావోళ్ళలో లేదని చెప్పండి" అంది.

క్యారియరు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను, చెంచురామయ్య గారింట్లో ఇచ్చేయండి. మూత తీయలేదు, వెంకటశేషమ్మ గారు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇట్లు,
యెహోషువ,
టీచరు, మిషన్ ఎలిమెంటరీ బడి.